వీరాయమ్మ దొడ్డమ్మ పెట్టిన షరతు

మా వీరాయమ్మ దొడ్డమ్మ అంత మంచి మనిషి లేదని మా ఊళ్ళో అందరూ అంటారు. అనేవాళ్ళని ఒక్క నెల ఆవిడ పెరట్లో కాపురం పెట్టమనండి, అప్పుడు మాట్లాడమనండి. నేను పెట్టాను కాబట్టి చెబుతున్నాను. ఆ నెల రోజుల్లో నేను అరిచిన అరుపులు అంతకు ముందు నా జన్మలో ఎప్పుడూ అరవలేదు.

మొదటిరోజే మొదలైంది. కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి మా కోనసీమ గన్నవరం సెంటరుకి వెళ్ళాను. ఆషాఢం వాన. తిరిగొచ్చేసరికి నా కూతురు హారిక మెట్టు మీద ముడుచుకుని కూర్చుని ఉంది. బడి నుంచి వచ్చి గంటన్నర అయిందట. పుస్తకాల సంచి తడిసిపోయింది, జడల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. చేతిలో తాళంచెవి ఉంది. తలుపుకి తాళం వేసింది వేసినట్టే ఉంది.

"ఏమయిందే?" అన్నాను.

"తాళం తిరగటల్లేదమ్మా."

"మరి అమ్మమ్మని పిలవలేదా?"

"నువ్వొచ్చాక చెబుదామని."

పదడుగుల దూరంలో రేకుల పాక. ఆ పాకలో మా దొడ్డమ్మ కొబ్బరాకులు ముందేసుకుని, కత్తితో ఈనెలు తీసి చీపుళ్ళు కడుతోంది. తల కూడా ఎత్తలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వానలోనే పాక దాకా వెళ్ళాను.

"దొడ్డమ్మా, పిల్ల అలా తడిసిపోతుంటే నీకు కళ్ళు కనపడలేదా?"

"కనపడింది. పాకలోకి రమ్మని పిలిచేను. అమ్మ ఇక్కడే కూర్చోమంది, రానంది. తాళం సంగతి అది నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు."

"అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"రాలవు. కానీ తాళం తిరక్కపోతే ఏం చెయ్యాలో పదేళ్ళ పిల్ల ఆలోచించుకోవాలి కదే. రేపు నువ్వు కువైట్లో ఉంటే ఎవరొచ్చి తీస్తారు?"

ఆ మాటకి నాకు ఇంకా మండింది. హారిక చేతిలోంచి తాళంచెవి లాక్కుని, రెండు చుక్కలు కొబ్బరినూనె వేసి తిప్పాను. వచ్చేసింది. "అదిగో, ఆ నూనె వెయ్యడం నేర్చుకోవాల్సింది నువ్వు కాదు, పిల్ల," అని పాకలోంచి ఆవిడ గొంతు వినిపించింది.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నా భర్త సురేంద్ర కొబ్బరి దింపు తీసేవాడు. మూడేళ్ళ కిందట, వానకి నానిన చెట్టు మీద నుంచి కాలు జారి పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు. అప్పటి నుంచి నాకు హారిక ఒక్కతే. దాన్ని కొబ్బరిచెట్ల కిందకి వెళ్ళనిచ్చేదాన్ని కాదు. కోనసీమలో కొబ్బరిచెట్టు కిందకి వెళ్ళకుండా పిల్లని పెంచడం ఎలా కుదురుతుందో మీరే ఆలోచించండి. అయినా పెంచాను. అన్నం కలిపి ముద్దలు పెట్టేదాన్ని. గుడ్డు ఒలిచిచ్చేదాన్ని, చేపముక్కలో ముళ్ళు తీసిచ్చేదాన్ని. నీళ్ళసీసా మూత కూడా ముందే వదులు చేసి బడికి పంపేదాన్ని. బళ్ళో ఎవరైనా ఏమైనా అంటే అమ్మకి చెప్పు, కడుపులో నొప్పొస్తే అమ్మకి చెప్పు, పెన్సిలు పోతే అమ్మకి చెప్పు. మొత్తానికి నేను దానికి నేర్పిన విద్య ఒక్కటే, అమ్మకి చెప్పడం.

అలాంటి నాకు కువైట్ వీసా వచ్చింది. ఒక ఇంట్లో వంటపని, రెండేళ్ళు. మిషను మీద జాకెట్లు కుడితే మా ఇద్దరికీ పూట గడుస్తుంది, అంతే. దాన్ని పై చదువులు చదివించాలంటే, ఒక గది అయినా సొంతంగా వేసుకోవాలంటే మా వైపు ఆడవాళ్ళు చేసే పనే నేనూ చెయ్యాలి కదా. అమలాపురంలో సత్యదుర్గారావు గారని ఏజెంటు. కాగితాలన్నీ ఆయనే చూశారు. ప్రయాణం సరిగ్గా నెల రోజుల్లో అన్నారు. ఇక మిగిలింది హారికని ఎవరి దగ్గర వదలడం అన్నదే.

మా ఊరి నుంచి గల్ఫుకి వెళ్ళే ఆడవాళ్ళు పిల్లల్ని దొడ్డమ్మ దగ్గరే వదులుతారు. పదిహేనేళ్ళ పైనుంచీ అదే రివాజు. ఎంతమంది పెరిగారో ఆవిడకే లెక్క తెలియదు. అప్పుడు ప్రసన్న అని పన్నెండేళ్ళ పిల్ల ఉంది, వాళ్ళమ్మ కువైట్ వెళ్ళి రెండో ఏడు. ఆ పిల్ల బట్టలు తనే ఉతుక్కునేది, రేషన్ షాపుకి వెళ్ళేది, జ్వరం వస్తే చీటీ రాయించుకుని మాత్రలు తెచ్చుకునేది. దాన్ని చూసే నేను ధైర్యం చేశాను. సొంత చెల్లెలి కూతుర్ని, కాదంటుందా అనుకున్నాను.

కాదంది. అంటే పూర్తిగా కాదనలేదు, షరతు పెట్టింది.

"నెల్లాళ్ళు నువ్వూ పిల్లా నా వెనకగదిలో ఉండండి. ఈ నెలలో పిల్ల తన అవసరాలు తను చూసుకోగలిగితే, ఏదైనా అడ్డం వస్తే తన బుర్రతో దాటగలిగితే, నా దగ్గర వదిలి నువ్వు వెళ్ళు. లేకపోతే నేను ఉంచుకోను. నువ్వేడ్చినా ఉంచుకోను. ప్రయాణం మానుకో. ఇంకో మాట, ఈ షరతు సంగతి పిల్లకి చెప్పకు. చెబితే భయపడి చేస్తాది. భయంతో చేసింది నిలవదు."

"ఆయ్," అన్నాను. వేరే దారి ఏముంది? ఆవిడ తప్ప నాకు ఇంకెవరున్నారు? అంటే నా రెండేళ్ళ బతుకూ, హారిక చదువూ, అన్నీ ఈ పిల్ల తాళం తియ్యడం మీదా, చెప్పు బాగుచేసుకోవడం మీదా ఆధారపడ్డాయన్నమాట. కోపం రాదా మరి?

చెప్పు అన్నాను కదా. రెండో వారంలో ఒకరోజు బడికి బయల్దేరుతుంటే హారిక హవాయి చెప్పు బద్దీ ఊడొచ్చింది. నేను మిషను మీద నుంచి లేవబోయాను. దొడ్డమ్మ నా చీరచెంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మమ్మా, చెప్పు ఊడిపోయింది," అంది హారిక.

"ఊఁ. అయితే?" అంది దొడ్డమ్మ.

"బడికి లేటయిపోతంది."

"అయితే?"

ఆ "అయితే" అనే మాట ఆవిడ నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. ఏ పిల్ల ఏ ఏడుపుతో వచ్చినా అదే. అయ్యో అనదు, ఇలా చెయ్యి అనదు. ఈనెలు తీసుకుంటూ "అయితే?" అంటుంది. హారిక వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు అయిపోయాక చెప్పు తిరగేసి చూసింది. బద్దీ కన్నంలోంచి లాగితే మళ్ళీ ఊడొచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి, నా మిషను దగ్గరికొచ్చి ఒక పిన్నీసు అడిగింది. అడిగింది అంటే, "అమ్మా, పెట్టు" అనలేదు, "ఒక పిన్నీసు ఇయ్యి" అంది. బద్దీ కింద నుంచి లాగి, ఊడకుండా అడుగున పిన్నీసు అడ్డం గుచ్చింది. మూడుసార్లు వేలికి గుచ్చుకుంది. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఆ ఇరవై నిమిషాలూ దొడ్డమ్మ కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. కత్తి చేతిలో ఉంది కానీ ఒక్క ఈనె కూడా తియ్యలేదు. కనుబొమ్మల కింద నుంచి పిల్ల చేతులకేసే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం హారిక వచ్చి, లేటయినందుకు టీచరు గారు అరగంట బయట నిలబెట్టారని చెప్పింది. నా ఒళ్ళు భగ్గుమంది.

"విన్నావా దొడ్డమ్మా? నీ పాఠాల పుణ్యమా అని నా కూతుర్ని బయట నిలబెట్టేరు!"

"నిలబడింది కదా. కాళ్ళేం విరగలేదు కదా."

ఇలాంటి మనిషితో ఎవరైనా ఎలా వేగుతారు? ఆ మర్నాడు అన్నం వండమని హారికకి చెప్పింది. గ్యాసు పొయ్యి దగ్గర తను నిలబడి, ఎసరు ఎంతో మాత్రం చెప్పలేదు. అన్నం అడుగంటి మాడిపోయింది. ఆ మాడన్నం ఆవిడ కిమ్మనకుండా తింది, నన్నూ తినమంది. "బాగుందే," అంది హారికతో. బాగుందట! నేను పళ్ళెం విసురుగా పక్కకి నెట్టేశాను. హారిక నాకేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నాలుగో రోజుకి అన్నం చక్కగా కుదిరింది. బియ్యం మీద వేలు నిలబెట్టి నీళ్ళు కొలుచుకోవడం ప్రసన్న దగ్గర చూసి నేర్చుకుందట.

నేను మాత్రం మారలేదు. ఎవరూ చూడకుండా దాని సంచి సర్దేదాన్ని. సీసాలో నీళ్ళు పోసిపెట్టేదాన్ని. ఒక మధ్యాహ్నం దాని లెక్కల పుస్తకంలో ఇంటిపని నేను చేస్తుంటే దొడ్డమ్మకి దొరికిపోయాను.

"ఇదేం పనే భవానీ? పిల్ల నేర్చుకుంటందనుకుంటన్నాను నేను. వెనకనుంచి నువ్వు చేస్తన్నావా? ఇలాగైతే నేను దాన్ని ఉంచుకోను, చెబుతున్నాను."

ఎక్కడో తెగింది నాకు. ఆ మాట అనకూడదని తెలుసు. తెలిసే అన్నాను.

"కన్నకొడుకుని దగ్గరుంచుకుని పెంచలేకపోయినదానివి, నా కూతురికి పెంపకం నువ్వు నేర్పుతావా?"

దొడ్డమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా నా పక్కన చాప మీద కూలబడింది. ఆవిడ కొడుకు అంజిబాబు కొత్తపేటలో ఉంటాడని తెలుసు, పెళ్ళయిందని తెలుసు. అతని గురించి ఆవిడ నోరు విప్పగా నేను వినడం అదే మొదటిసారి.

రెండువేల ఆరు వరదలప్పుడు దొడ్డమ్మ మస్కట్‌లో ఉంది. అంజిబాబుకి తొమ్మిదేళ్ళు. గోదావరి మధ్య లంక ఊళ్ళో మేనత్త ఇంట్లో వదిలి వెళ్ళింది. "అత్త చెప్పిందే చెయ్యి, ఏదైనా నాకు ఫోన్లో చెప్పు, నేను చెప్పకుండా ఏమీ చెయ్యకు," అని ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది. గోదావరి పొంగిన రోజున మేనత్త గొడ్లని విప్పడానికి వెళ్తూ, నేనొచ్చేదాకా గుమ్మం దాటకు అని చెప్పి వెళ్ళింది. నీళ్ళు లోపలికొచ్చాయి. అత్త తిరిగి రాలేకపోయింది. పడవలో వచ్చినవాళ్ళు వీధిలోంచి రారా రారా అని పిలిచారు. వాడు రాలేదు.

"మంచమెక్కి నిలబడ్డాడంట. రొమ్ము దాకా నీళ్ళు. తలుపు తీసే ఉంది. పిలిచేవాళ్ళు ఎదురుగా ఉన్నారు. 'అత్త దాటొద్దంది, అమ్మనడగాలి' అని అదే మాట అంటన్నాడంట. ఇద్దరు దిగి బలవంతాన ఎత్తుకొచ్చేరు. ఇంకో పావుగంట ఆగితే లేడు. వాడికి బుర్ర లేక కాదే. ఆ బుర్ర నేను తీసేసుకుని మస్కట్ పట్టుకుపోయేను."

సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోను మోగింది. అంజిబాబే. స్పీకర్లో గొంతు వినిపిస్తోంది. "అమ్మా, అత్తగారింట్లో ఫంక్షన్‌కి చొక్కా కొందామనుకుంటన్నాను. నీలంది తియ్యనా, గళ్ళది తియ్యనా?" పాతికేళ్ళు దాటిన మనిషి. ప్రపంచంలో పిల్లలందరినీ "అయితే?" అని అడిగే మా దొడ్డమ్మ, "నీలంది తియ్యి నాన్నా," అని జవాబు చెప్పింది. ఫోను పెట్టేసి ఆవిడ నాకేసి చూడలేదు. నేను ఆ లెక్కల పుస్తకం మూసేశాను.

ఆ తర్వాత నేను నిజంగానే చేతులు కట్టుకుని కూర్చున్నాను. హారిక రోజురోజుకీ మారింది. జడలు తనే వేసుకుంది, వంకరగానే అనుకోండి. కరెంటు పోతే కొవ్వొత్తి ఎక్కడుందో నన్ను అడగలేదు. బళ్ళో ఒకడు దాని పెన్ను లాక్కుంటే టీచరు గారికి చెప్పి వెనక్కి తెచ్చుకుంది, నాకు రెండు రోజుల తర్వాత ఏదో మాటల్లో తెలిసింది. సంతోషించాలి కదా? అందరూ సంతోషించమన్నారు. నాకు మాత్రం రోజూ ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే రోడ్డు మీదకి వెళ్ళి నిలబడేదాన్ని. అది వచ్చి, "ఏమ్మా, ఇక్కడున్నావు?" అనేది.

ఆ రోజుల్లోనే అది అన్నీ అడగడం మొదలుపెట్టింది. ఏజెంటు గారి ఆఫీసు అమలాపురంలో ఎక్కడ? అక్కడ నిన్నేం అడిగారు? వెళ్ళినవాళ్ళు మధ్యలో వచ్చేస్తే ఏమవుతుంది? నేను దూరం వెళ్తున్నాను కదా, తెలుసుకుంటోంది పాపం అనుకున్నాను. అన్నీ చెప్పాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

ప్రయాణం ఇంక నాలుగు రోజులుందనగా శనివారం వచ్చింది. బడికి సెలవు. స్నేహితురాలి ఇంటికి వెళ్ళి నోట్సు తెచ్చుకుంటానని దొడ్డమ్మకి చెప్పి పొద్దున్నే వెళ్ళింది హారిక. ఒంటిగంటకి నా ఫోను మోగింది. సత్యదుర్గారావు గారు.

"భవానీదేవి గారూ, మీ పాప నా ఎదురుగుండా కూర్చుందండి."

నాకు అర్థం కాలేదు. "ఎవరి పాపండి?"

"మీ పాపేనండి, హారిక. ఒక్కత్తే వచ్చింది. మిమ్మల్ని పంపించొద్దంటందండి. మూడు నెలల్లోపు మనిషి తిరిగొచ్చేస్తే బదులు మనిషిని నేనే పంపాలన్న సంగతి కూడా తెలుసుకుని వచ్చిందండి. ఏమంటందో తెలుసా? 'మా అమ్మ మూడు నెలలు ఉండలేదండి. నేను చెప్పు బాగుచేసుకుంటే ఏడ్చింది, అన్నం వండుకుంటే ఏడ్చింది, బడి నుంచి కొంచెం లేటయితే రోడ్డు మీద నిలబడతాది. నేను ఉండగలను, మా అమ్మే ఉండలేదు. పంపితే మీకే ఇబ్బందండి' అంటంది. ఇరవై ఏళ్ళ నుంచి చేస్తన్నానండి ఈ పని, ఇలా మాట్లాడినవాళ్ళు లేరు. మీ టిక్కెట్టు ఆపి ఉంచేను. అయిదింటిలోపు మీరే తేల్చి చెప్పండి, వస్తారో, రారో."

పాపని గన్నవరం బస్సు ఎక్కిస్తామన్నారు. "నేనెక్కగలనండి" అని వెనక నుంచి నా కూతురి గొంతు.

అమలాపురం! పదేళ్ళ ఆడపిల్ల! నేను చెప్పులు కూడా వేసుకోకుండా పాక దగ్గరికి పరిగెత్తాను. "నువ్వే పంపేవు! నువ్వే నేర్పేవు దానికి!" అని అరిచాను. దొడ్డమ్మ చేతిలోంచి కత్తి జారిపడింది. "నాకు తెలీదే. నీ మీదొట్టు, నాకు తెలీదు. తెలిస్తే పంపుతానా?" అంది. పిల్లలు ఏం చేసినా కదలని మనిషి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నాకంటే ముందు రోడ్డెక్కింది.

గన్నవరం బస్టాపులో ఇద్దరం గంట సేపు నిలబడ్డాం. వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూశాం. చివరికి ఒక పల్లెవెలుగు బస్సు ఆగి, అందరూ దిగాక, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని హారిక దిగింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి బస్సులో టిక్కెట్టు డబ్బులు అక్కర్లేదు కదా, పెట్టెలోంచి ఆ కార్డు తీసుకుని వెళ్ళింది. అదే పిన్నీసు చెప్పు. నేను దాని రెక్క పట్టుకుని ఈడ్చి వీపు మీద ఒక్కటి ఇచ్చాను. కూల్‌డ్రింకు షాపు దగ్గర నిలబడ్డవాళ్ళు "పాపం, కొట్టకండమ్మా" అన్నారు. "నా కూతురు, నా ఇష్టం!" అని వాళ్ళమీదా విరుచుకుపడ్డాను.

"ఎవరైనా ఎత్తుకుపోతే? బస్సు తప్పిపోతే? నాకు ఒక్క మాట చెప్పాలని లేదా?"

"చెబితే పంపుతావా?" అంది హారిక. ఏడవటం లేదు. "డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. కండక్టరు గారికి చెప్పి కూర్చున్నాను. ఆఫీసు ఎక్కడో ఇద్దరాడవాళ్ళని అడిగేను, మగాళ్ళని అడగలేదు. మూడు నెలల సంగతి ప్రసన్నక్క వాళ్ళమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు వెళ్ళకూడదు. నిన్ను అడిగితే వెళ్ళాలి అంటావు. అందుకని ఆయన్నే అడిగేను."

దొడ్డమ్మ బస్టాపు అరుగు మీద కూర్చుండిపోయింది. పిల్లని పై నుంచి కింది దాకా చూసింది. తర్వాత నాతో అంది.

"భవానీ, నా షరతు తీరిపోయిందే. ఇంక చూడాల్సింది ఏం లేదు. దీన్ని నా దగ్గర వదిలేసి నువ్వు వెళ్ళొచ్చు."

నేను నోరు తెరిచేలోపే హారిక అడిగింది. "ఏం షరతు?"

నేను దొడ్డమ్మకేసి చూశాను. "ఏం షరతమ్మా?" అని మళ్ళీ అడిగింది. నేను చెప్పేశాను. కోపంలోనే చెప్పాను. నీ పనులు నువ్వు చూసుకోగలిగితేనే అమ్మమ్మ నిన్ను ఉంచుకుంటానంది, లేకపోతే నన్ను ప్రయాణం మానుకోమంది అని.

దాని ముఖం చూస్తుండగానే మారిపోయింది.

"అంటే నాకేమీ రాకపోతే నువ్వు వెళ్ళేదానివి కాదా?"

"కాదు," అన్నాను.

"అన్నం మాడిపోతూనే ఉంటే వెళ్ళేదానివి కాదా?"

"కాదే."

అది దొడ్డమ్మ వైపు తిరిగింది. నా మీద కూడా ఎప్పుడూ ఎత్తనంత గొంతెత్తింది. "నువ్వే ఆలోచించుకో, నువ్వే ఆలోచించుకో అని రోజూ అన్నావు కదా అమ్మమ్మా! అసలుది నాకు చెప్పకుండా నేనేం ఆలోచించుకుంటాను? అన్నీ నేర్చుకుంటే అమ్మ సంతోషిస్తాదనుకున్నాను నేను. నేర్చుకుని నేనే పంపించేస్తన్నానని నాకెవరు చెప్పేరు?"

బస్టాపులో జనం అంతా మాకేసే చూస్తున్నారు. దొడ్డమ్మ నోట్లోంచి "అయితే" రాలేదు. పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "తప్పు నాదే తల్లీ. నీకు చెప్పాల్సింది," అంది. హారిక చేతులు విడిపించుకుంది.

నాకు ఎవరి మీద కోపం వచ్చిందో చెప్పలేను. దొడ్డమ్మ మీదా, నా మీదా, ఆ కువైట్ మీదా, చెట్టు మీద నుంచి జారిపోయిన మనిషి మీదా, అందరి మీదా వచ్చింది. అక్కడే నిలబడి ఫోను తీశాను. సత్యదుర్గారావు గారు వెంటనే ఎత్తారు.

"ఆ, చెప్పండి భవానీదేవి గారూ. తేలిందాండి?"

"తేలిందండి. నేను రాటల్లేదు."

"చిన్నపిల్ల ఏదో అందని మీరు అలా..."

"చిన్నపిల్ల కాదండి అది!" అని అరిచాను. "మీ దగ్గరికొచ్చి మా అమ్మాయి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అది ఉండగలదు. నేనే ఉండలేను. మూడు నెలలు కాదు కదా, మూడు రోజులు ఉండలేను. ఆ టిక్కెట్టు ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

ఫోను పెట్టేసి చూస్తే హారిక అప్పటికే రోడ్డు దాటి ఇంటి వైపు వెళ్ళిపోతోంది. నా అరుపు దానికి వినబడే ఉంటుంది, అయినా వెనక్కి తిరిగి కూడా చూడలేదు. మేమిద్దరం దాని వెనకాలే నడిచాం.